ఆ కొండి ఎవరికి?

మన ఇళ్లలో గోడకు మేకు కొడితే ఎవరూ పట్టించుకోరు. క్యాలెండర్ కోసమో, పోయిన పెద్దాయన ఫొటో కోసమో అనుకుని ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. కప్పుకు కొక్కెం పెడితే మాత్రం వాడకట్టు మొత్తానికి జవాబు చెప్పాలి. కప్పు నుంచి వేలాడే హక్కు అల్లాటప్పా వస్తువులకు దొరకదు మరి. దూలాలు, వాసాల కాలంలో ఆ హక్కు రెండింటికే ఉండేది: పిల్లికి అందకుండా పాలు పెరుగులను దాచే ఉట్టికి, చీమ కుట్టకుండా పిల్లను దాచే తొట్టెలకు. స్లాబులు వచ్చాక ఉట్టి దిగి ఫ్రిజ్‌లో కూర్చుంది. దాని జాగాలోకి ఫ్యాను ఎక్కింది. గడప ముందు దిష్టి గుమ్మడికాయకు ఎటూ రిజర్వేషన్ ఉంది. ఈ జాబితాలో చేపలకు లైటు అనే పద్దు లేదు. ఆ పద్దు రాయించడానికి మా మర్రిగూడలో నేను పడ్డ పాట్లే ఇప్పుడు చెప్పబోయేవి.

రిటైరయ్యాక మనిషికి ఒక వ్యాపకం ఉండాలని మావాడు హైదరాబాద్‌లో తీర్మానం చేసి, మూడడుగుల అద్దాల తొట్టి పంపించాడు. నిండితే 130 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. దాంతోపాటు మూత వచ్చింది. ఆ మూతకు లోపలి వైపు అతికించిన లైటు కూడా వచ్చింది. చలికాలమంతా బాగానే గడిచింది. ఎండాకాలం రాగానే తొట్టి కాస్తా అన్నం గిన్నె అయింది. నల్లగొండ జిల్లా ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది! నీళ్లమీద మూత, మూతకింద లైటు, లైటుకింద వేడి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. వేడెక్కిన నీటిలో గాలి నిలవదు, వాటికి ఊపిరాడదు.

విరుగుడు మన మట్టి రంజన్ కుండ దగ్గరే ఉంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంటబెట్టుకుపోతుంది. మూత తీసేసి నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మూత తీస్తే లైటు ఎక్కడ పెట్టాలి? లోపల మొక్కలున్నాయి, వాటికి వెలుగు కావాలి. వెలుగు లేకపోతే ఆకులు కుళ్లుతాయి, మరీ దగ్గరగా ఉంటే నాచు పడుతుంది. అంటే లైటు నీటికి దగ్గరగా ఉండాలి కానీ ఆనకూడదు, పైనుంచి రావాలి కానీ దేనిమీదా కూర్చోకూడదు. ఇక మిగిలింది కప్పు ఒక్కటే.

ఈ పద్ధతిని లోకానికి అలవాటు చేసినవాళ్లలో పెద్ద పేరు జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానోది. తొట్టిలో అడవిని పెంచి, మూత లేకుండా పైనుంచి దీపాలు వేలాడదీసి చూపించాడు. 2015లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని ఓషనారియోలో ఆయన కట్టిన తొట్టి పొడవు 40 మీటర్లు, నీళ్లు 1,60,000 లీటర్లు. దాని దీపాలకు కొక్కేలు వేస్తున్నప్పుడు ఎవరైనా కిటికీలోంచి తొంగిచూసి, "ఎవరికమ్మా నెలలు పడ్డయి?" అని అడిగారా? అడిగి ఉండరు. అదీ ఆయన అదృష్టం.

మావాడే మళ్లీ సన్నటి ఎల్‌ఈడీ లైటొకటి, దాన్ని వేలాడదీసే సామాను పంపాడు. ఆ సామాను చూస్తే ముచ్చటేసింది. సైకిల్ బ్రేకు తీగకంటే సన్నటి ఉక్కు తీగలు, కప్పుకు బిగించే రెండు గుండ్రటి గిన్నెలు, తీగ దూరేందుకు వేలి గణుపంత ఇత్తడి గొట్టాలు. గొట్టం మూతిని గోటితో నొక్కితే తీగ జారుతుంది. వదిలితే లోపలున్న గోలీలు తీగను కరిచి పట్టుకుంటాయి. బరువు ఎంత లాగితే పట్టు అంత బిగుస్తుంది. ఎత్తు మార్చాలంటే ముడి విప్పే పని లేదు. గంటసేపు దాన్నే నొక్కుతూ వదులుతూ కూర్చున్నాను. "చేపలు సచ్చేదాకా ఆడుకుంట కూసుంటవా ఏమయ్యా?" అని మా ఇంటామె అడిగితేగానీ లేవలేదు.

బయటికొచ్చి కరెంటు పనిచేసే పిల్లగాడికి ఫోన్ చేశాను. ఆ ఫోన్ చేసింది అరుగుమీద కూర్చుని. అరుగుమీద మాట్లాడితే మైకులో మాట్లాడినట్టే. పొద్దు వాలేసరికి సలహాదారులు మా ఇంట్లో కిక్కిరిశారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లకు నిరసనగా మా నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీపడ్డారు. ఎన్నికల సంఘమే తల పట్టుకుంది, బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. ఆ తర్వాతే దేశమంతా లోక్‌సభకు డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. సలహాలకు డిపాజిట్ లేకపోవడం ఎంత నష్టమో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

మొదటి సలహా: ఫ్యాను కొండి ఉండంగ కొత్త కొండి ఎందుకు, ఫ్యాను దించి దానికే లైటు కట్టు. మరి మాకు గాలో? "మీరు అరుగుమీద పండుకోండ్రి." రెండో సలహా మేస్త్రిది. స్లాబు చిప్పి, ఇనుప రాడ్ బయటపెట్టి, దానికి వెల్డింగ్‌తో రింగు పెట్టాలట. "బర్రెను కట్టినా ఆగుతది సారూ." లైటు, తీగలు, అన్నీ కలిపితే కిలో దాటదు మొర్రో అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. "ఇయ్యాల కిలో. రేపు?" అన్నాడు. రేపు నేను చేపల మీద బర్రెను వేలాడదీయనని ఆయనకు పూచీ ఇవ్వలేకపోయాను.

మూడో ఆయన చెరువు సొసైటీ మెంబరు. ఏటా సర్కారు పోసే చేపపిల్లలను చూసిన కన్ను అది. ఎర్రగీత, నీలిగీత మెరుస్తున్న నా టెట్రాలను అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు పరిశీలించాడు. "ఇది ఏ చేపకు ఎర?" అన్నాడు. ఎర కాదు, ఇదే చేప అన్నాను. మన రాష్ట్ర చేప కొర్రమీను ఉండగా వీటికి లైటేంది అన్నట్టు తల ఆడించి, టీ తాగి వెళ్లిపోయాడు.

కరెంటు పిల్లగాడు మర్నాడు హ్యామర్ డ్రిల్‌తో దిగాడు. వయసు చిన్నదే, చెయ్యి పెద్దది. నేను తీసిపెట్టిన ప్లాస్టిక్ గిట్టీలను చూసి పక్కకు నెట్టేశాడు. గోడకైతే సరే, కప్పుకు పనికిరావన్నాడు. గోడలో బరువు అడ్డంగా పడుతుంది, కప్పులో నేరుగా కిందికి లాగుతుంది. రోజూ లాగితే ప్లాస్టిక్ మెల్లగా జారుతుంది. ఇనుప యాంకర్ ఫాస్టెనర్ వేయాలి. బోల్టు బిగించేకొద్దీ దాని తొడుగు లోపలే విచ్చుకుని కాంక్రీటును పట్టుకుంటుంది. ఇదంతా వాడు నాకు చెబుతుంటే మేస్త్రి పక్కన నిలబడి, కన్నకొడుకు వేరు కాపురం పెడుతున్నట్టు మొహం పెట్టాడు.

తర్వాత వాడు చేసిన పని నాకు బాగా నచ్చింది. డ్రిల్ పట్టుకోకముందు ఫ్యాను డబ్బా నుంచి స్విచ్ బోర్డు గోడదాకా కప్పుమీద చాక్‌పీసుతో గీతలు గీశాడు. స్లాబు పోసేటప్పుడే కరెంటు పైపులు లోపల వేసేస్తారు కదా. ఫ్యాను డబ్బా నుంచి గోడకు పైపు ఏ దారిన పోయిందో ఊహించి, ఆ దారికి జానెడు ఎడంగా గుర్తు పెట్టాడు. లేకపోతే చేపలకు వెలుగు తెస్తామని పోయి ఇల్లంతా చీకటి చేసేవాళ్లమే. "పైపు యాడ పోయిందో మేస్త్రికి తెలిసే ఉంటది," అన్నాను. ఈ ఇల్లు కట్టింది ఆయనే మరి. మేస్త్రి కప్పువైపు, మూడు దిక్కులవైపు చూసి, "అప్పుడు కరెంటోళ్లు ఏసిన్రు," అన్నాడు.

తొట్టిమీద మా ఇంటామె పాత బొంత కప్పింది. సిమెంటు పొడి నీళ్లలో పడితే ఆ సున్నానికి చేపలు తట్టుకోలేవు. డ్రిల్ బిట్టుకు బొక్కపెట్టిన పెరుగు డబ్బా తొడిగారు, పొడి అందులోకి రాలడానికి. పెరుగుకు ఉట్టి పోయినా, పెరుగు డబ్బాకు కప్పు దగ్గర ఇంకా చోటుందన్నమాట! మొదటి బొక్క వెన్నలో దిగినట్టు దిగింది. రెండోది అంగుళం పోయి రాడ్‌కు తగిలింది. ఆ కీచు శబ్దానికి ఎదురింటి కుక్కలు, మేకలు, పెద్దమ్మ ఒకేసారి లేచాయి. కుక్కలూ మేకలూ కొంతసేపటికి ఊరుకున్నాయి.

రెండో బొక్కను పక్కకు జరిపి వేసి కొండ్లు బిగించేసరికి పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. ఆమెకు కనిపించినవి మూడు: పక్కపక్కన రెండు కొండ్లు, కింద మడిచిన బొంత, నిచ్చెన పట్టుకుని నవ్వుతున్న మా ఇంటామె. (పొడి ముక్కులో దూరి తుమ్ము రాబోతే ఆమె మొహం అట్లా ఉంటుంది.) పెద్దమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగితే ఇంత జరిగేది కాదు. మా బిడ్డ పెండ్లయి రెండేండ్లు. పురుడు పుట్టింట్లో పోయడం ఆనవాయితీ. రెండూ రెండూ కలిపి పెద్దమ్మ తొట్టెల కట్టేసింది.

మర్రిగూడ నుంచి మాల్ అనే ఊరి దాకా బస్సు ఎంతసేపట్లో పోతుందో నాకు తెలుసు. కబురు అంతకంటే ముందే చేరింది. మాల్ అంగట్లో ఎవరో మా వియ్యంకుని తమ్ముణ్ని పట్టుకుని స్వీటు అడిగారట. సాయంత్రానికి వియ్యంకుడి ఫోన్. "బావా, గింత మంచి ముచ్చట మాకు చెప్పకపోతిరి," అన్నాడు. గొంతులో సంతోషం సగం, కోపం సగం. ఏ ముచ్చట బావా అన్నాను. "కొండ్లు గూడ ఏపిచ్చినవంట గదా!" అవును, చేపలకు అన్నాను. అవతల కాసేపు మాట లేదు. నేను మాట దాటేస్తున్నానని ఆయనకు ఖాయమైపోయింది. ఆ వెంటనే బిడ్డ ఫోన్: "నాయినా, నాకు తెల్వకుండ నాకు నెలలెట్ల పడ్డయి?"

దీనికి ఏ తండ్రి దగ్గర జవాబుంటుంది? లైటు ఫొటో తీసి పంపాను. తొట్టి ఫొటో, తీగల ఫొటో, చివరికి టెట్రాల ఫొటో కూడా పంపాను. వియ్యపురాలు అవన్నీ చూసి, "తొట్టెల మీద లైటు గూడ పెడుతున్నరా, మంచిగుంది," అందట.

ఇక లైటు బిగించే ఘట్టం. కొండ్లకు తీగలు తగిలించి లైటు నిలబెట్టగానే కొత్త తగాదా లేచింది. లైటు వంకరగా ఉందని మా ఇంటామె, లేదని పిల్లగాడు. మేస్త్రికి ఇన్నాళ్లకు సమయం వచ్చింది. "లెవల్ గొట్టం ఎందుకు, తొట్టిలనే నీళ్లున్నయి గదా! నీళ్లు అబద్ధమాడవు," అన్నాడు. నిజమే. లైటు రెండు కొసల నుంచి నీటిదాకా కొలిచి, ఇత్తడి గొట్టాలు నొక్కుతూ సమానం చేశారు. తీరా చూస్తే నీటికి సమానమైన లైటు తొట్టి అంచుకు వంకరగా ఉంది. అంచుకు సరిచేస్తే నీటికి వంకర. అప్పుడు బయటపడింది అసలు సంగతి: అద్దానికి నీటిమట్టం ఒక పక్క వేలెడు ఎక్కువుంది. అంటే తొట్టి వాలి ఉంది, తొట్టి కింద నేల వాలి ఉంది. అందరం మేస్త్రివైపు తిరిగాం. ఆయన చెక్కుచెదరలేదు. "కడిగిన నీళ్లు తలుపు దిక్కు పోవద్దా? సగం ఇంచి వాటం ఇడిసిన," అన్నాడు, పాతికేళ్ల కింద ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టు.

అప్పుడు వచ్చాడు మా పెద్దబాపు. ఆయన గురించి కొంచెం చెప్పాలి. మా మండలంలో ఆయన ఈడువాళ్లు చాలామందిలాగే ఆయన మెడ, నడుము చెట్టు మొద్దులా బిగుసుకుపోయాయి. తల ఎత్తి చూడలేడు. మా దగ్గర గ్రానైట్ రాయి లోతుల్లోంచి వచ్చే బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. మా బోర్లు ఆ లెక్కను ఎన్నడూ చదువుకోలేదు. నీటిలోంచి దాన్ని తీయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థవాళ్లు తయారుచేసి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఒక్కో ఊరికి బియ్యంతో పేరొస్తుంది, ఒక్కో ఊరికి చీరెలతో పేరొస్తుంది. మాకు ఇట్లా వచ్చింది.

"నీళ్లు అబద్ధమాడవా? ఎవడన్నడు?" అన్నాడు పెద్దబాపు గడప దాటుతూనే. "అద్దం లెక్క తేటగుండె మా బాయి నీళ్లు. తియ్యగుండె. గా నీళ్లంత అబద్ధాలకోరును నేను పుట్టి చూడలే." మేస్త్రి నోరు మూతపడింది. పెద్దబాపు కర్ర ఆనించుకుంటూ తొట్టి దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మేమందరం మెడలు రిక్కించి కప్పువైపు చూస్తున్నాం. ఆయన ఉన్నపాటున, వంగిన మెడతోనే నీళ్లలోకి చూశాడు. మూత లేని తొట్టి కదా, నీటిమీద కప్పు మొత్తం తలకిందులుగా పరుచుకుని ఉంది: లైటు, తీగలు, రెండు కొండ్లు, పిల్లగాడు చెరపడం మరిచిపోయిన చాక్‌పీసు గీతలు.

"ఎడమచెయ్యి దిక్కు తీగ మెలిపడ్డది," అన్నాడు.

పిల్లగాడు నిచ్చెన ఎక్కి చూశాడు. గిన్నె లోపల, కింద నిలబడ్డ మాకెవరికీ కనిపించని చోట, తీగ ఒక మెలి తిరిగి ఉంది. మెలి విప్పగానే ఆ పక్క లైటు అంగుళం దిగి, ఎటు చూసినా కంటికి ఆనేంత తిన్నగా నిలబడింది. తొట్టి స్టాండు కింద ఒక పక్క రబ్బరు ముక్క పెట్టి నేల వాటం సంగతి కూడా తేల్చాం. మేస్త్రి ఆ రబ్బరు ముక్కను ఇప్పటికీ తన పనికి జరిగిన అవమానంగానే చూస్తాడు.

వైరు దగ్గర మాత్రం పిల్లగాడు ఎవరి మాటా వినలేదు. లైటు వైరును ప్లగ్గుకంటే కిందికి వంచి, మళ్లీ పైకి తీసుకెళ్లి గుచ్చాడు. వైరు వెంబడి నీటిచుక్క జారితే ఆ వంపు దగ్గరే కింద పడిపోవాలి, ప్లగ్గులోకి పోకూడదు. అది వేలాడుతూ అసహ్యంగా ఉంది, క్లిప్పులేసి గోడకు గుంజుమంది మా ఇంటామె. "అక్కా, అసహ్యంగుంటేనే పానం కాపాడుతది," అన్నాడు వాడు. ఎర్తింగు కూడా చూసుకున్నాకే స్విచ్ వేశాడు.

పెద్దబాపు పోతూ పోతూ ఒక ప్రశ్న వేశాడు: "ఏం నీళ్లు పోస్తున్నవురా వీటికి?" భగీరథ నీళ్లు, కృష్ణ నీళ్లు అన్నాను గర్వంగా. నల్లా తిప్పి నేరుగా పోస్తావా అన్నాడు. లేదు పెద్దబాపూ, అందులో క్లోరిన్ ఉంటది, చేపల మొప్పలు కాలుతయి, ఒక దినం బకెట్లలో పట్టి ఉంచి పోస్తాను అన్నాను. ఆయన కర్రమీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించాడు. "అంటే మంచి నీళ్లు వచ్చినా గూడ, దినం ఆగి, చూసి, అప్పుడు పోస్తున్నవ్ చేపకు?" అవునన్నాను. "మంచిదే. ఎవరో ఒకరికన్న పరీక్ష చేసి పోస్తున్నరు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన నవ్వితే ఒళ్లంతా కలిపి ఒక్కటే కదులుతుంది.

లైటు వచ్చాక తేలింది ఏమంటే, మా ఇంట్లో ఇంత మంచి వెలుగు ఇంకెక్కడా లేదు. వంటింటి బల్బు కింద కనిపించని మట్టిబెడ్డలు ఈ లైటు కింద రత్నాల లెక్క కనిపిస్తాయి. మా ఇంటామె చాట తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించుకోవడానికి వస్తుంది. (తొట్టెల సంగతి తను ఎన్నడూ అనలేదనీ, మాల్‌లో వాళ్లే అల్లారనీ ఆమె వాదన.) ఎదురింటి పిల్లలు హోంవర్కు పట్టుకొస్తారు. లైటుకు టైమరుంది. ఎనిమిది గంటలకు మించి వెలిగితే నీళ్లలో నాచు పడుతుంది కనుక రాత్రి తొమ్మిదికి ఆరిపోయేట్టు పెట్టాను. మొదటి రాత్రి తొమ్మిదికి లైటు ఆరగానే చీకట్లోంచి నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. తెల్లారి టైమరు చూస్తే పది చూపిస్తోంది. ఎవరు మార్చారని అడిగాను.

"చేపలు మార్చుకున్నయేమో," అంది మా ఇంటామె, చాట దులుపుతూ.

నాచును తినే నత్తలు నాలుగు పంపమని మావాడికి ఫోన్ చేశాను, ఈసారి అరుగుమీద కాకుండా, తలుపేసుకుని.